నేతికుండల బ్యాంకు

శంషాబాదులో పుష్పకము నెక్కుటకు రావణుని యనుమతి యక్కరలేదు; టికెట్టునకు సరిపడు పైకము చేతనున్న చాలును. ఆర్టీసీవారు విమానాశ్రయమునకు నడపు బస్సులకు ఆ పేరు పెట్టినపుడు పౌరాణికులెవ్వరును నొచ్చుకొనలేదు, శాస్త్రజ్ఞులెవ్వరును వాదమునకు దిగలేదు. పేరు పురాణమునది, యంత్రము కార్ఖానాది, చార్జీ మనది అని డ్రైవరు మొదలు డిపో మేనేజరు వరకు అందరికిని తెలియును గనుక తగవునకు తావు లేకపోయెను. ఇంతటి తేటదనము మన విద్యాపీఠములలో కూడ నుండినచో నేనీ వ్యాసము వ్రాయు పని తప్పియుండెడిది.

2019 జనవరిలో జలంధరు నగరమున 106వ భారత సైన్సు కాంగ్రెసు జరిగినది. అప్పటికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతిగా నుండిన ఆచార్య జి. నాగేశ్వరరావుగారు, తాము రసాయనశాస్త్రము బోధించినవారయ్యును, బడిపిల్లలు సైతము వినుచుండగా, కౌరవులు నూర్గురును మూలకణ విజ్ఞానమువలనను పరీక్షనాళికా విధానమువలనను పుట్టినవారనియు, రావణునకు పుష్పకమొక్కటియే కాక ఇరువదినాలుగు రకముల విమానము లుండెననియు, లంకలో విమానాశ్రయములు పెక్కు గలవనియు సెలవిచ్చిరి. నిర్వాహకులు పిమ్మట తలలు పట్టుకొని ఆ మాటలతో తమకు పొత్తు లేదని చెప్పుకొనవలసి వచ్చెను. పిల్లలు మాత్రము చప్పట్లు కొట్టియుందురు. సెలవునాడు కథ చెప్పినవారికి చప్పట్లు కొట్టుట పిల్లల ధర్మము.

విమానాశ్రయముల ప్రసక్తి వచ్చినది గనుక, ఇరువదియేండ్లుగా సాతంరాయిలో కాపురముండి, ప్రతి విమానమును నా డాబామీదుగానే దిగుచున్నట్లు భావించుకొను శంషాబాదువాసిగా, నాకు రెండు ముక్కలు చెప్పు నధికారము కలదు. మా యూరి విమానాశ్రయము తెరచినది 2008 మార్చిలో. దానికి ఐదువేల యెకరములకు మించిన నేల కావలసినది, 4,260 మీటర్ల పొడవున రన్‌వే పరచవలసినది, భూములిచ్చిన రైతుల పరిహారపు ముచ్చట్లు టీకొట్లవద్ద నేటికిని చల్లారలేదు. లంకలో అన్ని విమానాశ్రయములుండినచో భూసేకరణ చేసిన తహసీలుదారు డెవ్వడు? ఒక్క రైతయినను విభీషణునికి అర్జీ పెట్టుకొనలేదా? అన్నిటికంటె పెద్ద సందేహము: నేడు మా విమానాశ్రయములో డిజియాత్ర ద్వారమువద్ద ముఖము చూపినగాని లోనికి పోనీయరు గదా, దశకంఠుడు ఏ ముఖమును కెమెరాకు పట్టి, తక్కిన తొమ్మిదింటిని ఏమి చేసియుండును?

సరే, విమానములు గాలికి పోయినవి. కౌరవుల కథను మాత్రము అంత తేలికగా విడువరాదు. గాంధారి రెండేండ్లు గర్భము మోసి, కుంతికి కుమారుడు కలిగెనని విని, ఈర్ష్యతో కడుపు మోదుకొనగా, ఇనుపగుండువంటి మాంసపిండము పడినదనియు, దానిని పారవేయబోవుచుండగా వ్యాసుడు వచ్చి వారించి, చల్లని నీట తడిపించి, నూటయొక్క ఖండములుగా విడిపోయిన దానిని నూటయొక్క నేతికుండలలో నుంచి, మరి రెండేండ్లు కాపాడుడని చెప్పిపోయెననియు భారతము చెప్పుచున్నది. నేను ముప్పదియేండ్లు తెలుగు పాఠము చెప్పుకొని బ్రదికినవాడను. ఈ ఘట్టము చెప్పినప్పుడెల్ల తరగతిలో ఈగ వాలిన చప్పుడు వినబడెడిది. అసూయకు ఇనుపముద్దకంటె మంచి యుపమానము మరియొకటి దొరకునా? ఇంతటి కవిత్వమును కొనిపోయి ప్రయోగశాల నివేదికగా దిగజార్చుట భారతమునకు సన్మానమనుకొనుటయే నా కర్థము కాని విషయము.

సరే, నివేదికయే అనుకొందము. నివేదికను పరీక్షించు పద్ధతిలోనే పరీక్షింతము. నూటయొక్క కుండలు, నూటయొక్క జననములు: ఒక్క కుండయు పగులలేదు, ఒక్కదానిలోను నెయ్యి ముక్కలేదు, ఒక్క పిండమును చెడలేదు. లోకమున ఏ ప్రయోగశాలకును ఇట్టి రికార్డు లేదు. వైఫల్యము సున్న అని వ్రాసిన పత్రమును ఏ శాస్త్రపత్రికా సంపాదకుడైనను మొదట పోలీసుస్టేషనుకు పంపి పిమ్మట చదువును. అదియు పోనిమ్ము. అంతఃపురములో అంతటి మూలకణ విద్య వర్ధిల్లుచుండగా, ఆ పక్కగదిలోనే పుట్టుగ్రుడ్డి రాజొకడు జీవితమంతయు తడవుకొనుచు కూర్చుండెనే, ఆయన కన్నులకై ఒక్క కుండయైనను కేటాయింపవలెనని ఎవరికిని తోచలేదా? తోచియుండినచో ఉద్యోగపర్వములో సంజయునికి ఉద్యోగము పోయెడిది, యుద్ధమే తప్పెడిదేమో.

హస్తినాపురములో జరుగనిది బంజారాహిల్సులో జరిగినది. ఇచ్చట ఒక చిత్రమైన కాకతాళీయమును మనవిచేసెదను. చలనచిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాదుగారి విరాళముతోను, ఆయన పేరుతోను, 1987లో హైదరాబాదునందు వెలసిన నేత్రవైద్య సంస్థకు స్థాపకులు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు. ఆయనయు జి. నాగేశ్వరరావే! ఒక జి. నాగేశ్వరరావుగారు మూలకణములను నేతికుండలలో వెదకిరి. మరియొకరు స్థాపించిన యాసుపత్రిలో వానిని కంటియంచున వెదకి పట్టుకొనిరి. మొదటివారి మాట ఒక్కదినములో దేశమంతయు మారుమ్రోగినది. రెండవచోట జరిగినపని మా బస్సులో నూటికి ఒక్కరికైనను తెలియునో లేదో.

ఆ పని యెట్టిదనగా: నల్లగ్రుడ్డునకును తెల్లగ్రుడ్డునకును నడుమ సన్నని యంచొకటి కలదు. కంటి ముంగలి పారదర్శకపు పొరను నిత్యము క్రొత్తగా నుంచు మూలకణముల నివాసమది. తమలపాకులకు వాడు సున్నపు పొట్లమును పిల్లవాడొకడు రెండుచేతుల నొత్తగా అది పగిలి కంటిలో పడినదనుకొనుడు. ఫ్యాక్టరీలో ఆమ్లము చిందినదనుకొనుడు. ఆ యంచు మాడిపోవును, కన్ను పాలరాయివలె తెల్లబడును. అప్పుడు బాగుగా నున్న రెండవకంటి యంచునుండి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్కను, అనగా ఇంచుమించు ఆవగింజంత, కోసి, దానిని ఎనిమిది పది తునకలుగా చేసి, చెడిన కంటిమీద పరచిన పొరపై జిగురుతో అంటింతురు. తునకలు పొదిగి, అల్లుకొని, క్రొత్తపొర యగును. 2012లో డాక్టరు వీరేందర్ సాంగ్వాన్ ప్రభృతులు ఈ విధానమును ప్రకటించినపుడు వారు చూపిన రోగుల సంఖ్య ఆరు. ఆరుగురు మాత్రమే! నూటయొక్కమంది కారు. క్రింద పరచు ఆ పొర ఎక్కడిదని యడుగుదురేమో, ఏ తల్లియో ప్రసవించి దానముచేసిన మాయలోపలి పొర.

తరువాత, 2016లో, 125మంది లెక్కను వారే ప్రకటించిరి. 76 శాతము కుదిరినదని వ్రాసిరి. డెబ్బదియారు అని వ్రాసిన చేయి, తక్కిన ఇరువదినాలుగును దాచుకొనలేదు. ఇరువదినాలుగు! రావణుని విమానములును అన్నియే. కాని వీరి ఇరువదినాలుగు శాతమునకు ముఖములున్నవి, ఫైళ్లున్నవి, మరల రమ్మని చెప్పిన తేదీలున్నవి. (ధృతరాష్ట్రునికి ఈ చికిత్స పనికిరాదని ఏ పాఠకుడైన ఆక్షేపించిన, ఒప్పుకొందును. ఇది కాలిన కన్నులకే గాని పుట్టుగ్రుడ్డితనమునకు కాదు. ఆయన విషయములో నేను కొంచెము అతిశయోక్తి చేసితిని. శాస్త్రీయతకై ఇంతమాత్రపు సవరణ అవసరము.)

మాయ యను మాట వచ్చినది. తెలుగుభాషకు దూరదృష్టి యెంతటిదో చూడుడు: శంకరులు జగత్తునకు పెట్టిన పేరునే మన మంత్రసానులు ప్రసవానంతరము పడునట్టి దానికి పెట్టిరి. మా నాయనమ్మకాలమున మాయను పెరటిలో లోతుగా గొయ్యి త్రవ్వి, కుక్కలు పెల్లగింపకుండ పైన రాయి దొర్లించి పాతిపెట్టెడివారు. దానిని మూఢాచారమని నవ్వి, చదువుకొని, నగరమునకు వచ్చి, ఇప్పుడు మనము దానిలోని నెత్తురును, అందలి మూలకణములకై, ద్రవనైట్రోజనులో −196 డిగ్రీలవద్ద పాతిపెట్టుచున్నాము. రాయికి బదులు రసీదు వచ్చినది.

నా కోడలికి ఏడవనెల ప్రవేశించిన వారమునకే ఒక యువకుడు మెడకు టైతోను, చంకకు ల్యాప్‌టాపుతోను మా గుమ్మమెక్కెను. అతని కంపెనీ పేరు నాకనవసరము, మీకును అనవసరము. ఏ స్కానింగు గదిలో రాసియిచ్చిన ఫోను నంబరు ఏ త్రోవన అతనికి చేరినదో అడుగుట మర్యాద కాదని ఊరకుంటిని. కాఫీ త్రాగి, బొడ్డుతాడు బొమ్మ చూపి, అతడు ప్రారంభించెను.

“అంకుల్, ఇది ఖర్చు అనుకోకండి. మీ మనవడికి బయలాజికల్ ఇన్సూరెన్సు.”

“ఏ జబ్బుకు బాబూ?”

“ఎనభైకి పైగా జబ్బులకు అంకుల్. డెబ్బై ఐదేళ్లు భద్రంగా ఉంటుంది. ఈఎంఐ కూడా ఉంది.”

“తలసీమియాకు పనికొస్తుందా?”

“మెయిన్‌గా దానికే అంకుల్!”

“పిల్లవాడికే తలసీమియా ఉంటే, వాడి బొడ్డులోని రక్తంలోనూ అదే ఉంటుంది కదా? దాన్నే తిరిగి ఎక్కించి లాభమేమిటి?”

అతడు ల్యాప్‌టాపులో రెండు పేజీలు ముందుకు, మూడు పేజీలు వెనుకకు పోయెను. “అది మా సైంటిఫిక్ టీం వాళ్లు ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు సార్” అనెను. అంకుల్ కాస్తా సార్ అయినాడని గమనించితిని. బేరము చల్లబడుచున్నదనుటకు అదియే గుర్తు.

నా సందేహము నా సొంత తెలివి కాదు. భారత వైద్య పరిశోధనా మండలి, అనగా ఐసీఎంఆరు, బొడ్డురక్తమును బిడ్డ భావి స్వీయావసరమునకై దాచుటకు శాస్త్రీయాధారము లేదని స్పష్టముగా వ్రాసియున్నది. బిడ్డకు తన బొడ్డురక్తమే అక్కరకు వచ్చు సంభావ్యత 0.04 శాతము మొదలు 0.0005 శాతము వరకని శిశువైద్యుల సంఘమువారు 2018లో తేల్చిరి. అనగా రెండువేల అయిదువందలమందిలో ఒకరికి మొదలు రెండులక్షలమందిలో ఒకరికి వరకు. లాటరీటికెట్టు అమ్మువాడైనను దానిని బీమా అని పిలువడు. ప్రపంచములో మొట్టమొదటి బొడ్డురక్తమార్పిడి 1988లో పారిసునందు ఎలియాన్ గ్లుక్‌మన్ అను వైద్యురాలు చేసినమాట నిజమే, ఆ బాలుడు బ్రదికినమాటయు నిజమే. అయితే ఎక్కించినది వాని రక్తము కాదు, వాని చెల్లెలిది! బ్రోషరులో పారిసు కలదు, 1988 కలదు, చెల్లెలు లేదు. పరుల బిడ్డలకై దానమిచ్చు సార్వజనిక బ్యాంకులకును, నా బిడ్డకే నా లాకరు అను ప్రైవేటు బ్యాంకులకును గల భేదమంతయు ఆ మాయమైన చెల్లెలిలోనే కలదు.

అన్నిటికంటె విడ్డూరము మరియొకటి. బిడ్డ పుట్టిన పిదప రెండు మూడు నిమిషములు బొడ్డు కొట్టుకొనుచుండును. ఆ కాసేపటిలో మాయనుండి ఎనుబది మొదలు నూరు మిల్లీలీటర్ల నెత్తురు బిడ్డలోనికి వచ్చును. మూడుకిలోల బిడ్డ యొంటిలో నుండునదే పావులీటరు గనుక, ఇది స్వల్పాస్తి కాదు. అందుచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థ నిమిషమునకు ముందు బొడ్డు బిగింపవలదని చెప్పుచున్నది; పసితనపు రక్తహీనతకు అది ఉచితమైన మందు. బొడ్డులో ఎంత మిగిలిన బ్యాంకు సంచి అంత నిండును. కావున, వానికి ఇప్పుడు కావలసిన రక్తమును వానికి చేరనీయక పట్టి, డెబ్బదియైదేండ్ల తరువాత అక్కరపడునేమో యని దాచి, దాచినందులకు వాని తండ్రివద్ద నెలనెలా వాయిదా వసూలుచేయుట! ఇట్టి వడ్డీవ్యాపారము మార్వాడీకొట్టులో కూడ నేను చూడలేదు.

ఆ యువకుడు నిష్క్రమించిన తరువాత మా వియ్యపురాలు మెల్లగా, “అన్నయ్యగారూ, మీరన్నది నిజమేనేమో. కానీ నలుగురూ చేయిస్తున్నారు. రేపు పిల్లాడికి ఏమైనా అయితే, అప్పుడు డబ్బుకు చూసుకున్నారంటారు” అనెను. అదిగో, అసలు మూలకణము! ఒక్కమారు తల్లిదండ్రుల మనసులో పడిన చాలును, ఏ కుండయు ఏ నైట్రోజనును లేకయే అది నూటయొక్కటిగా పెరుగును.

బొడ్డుబ్యాంకు కనీసము మర్యాదస్థుల వ్యాపారము. మెహదీపట్నమునుండి ఆరాంఘరు వరకు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభముల సంఖ్యలే చిరునామాలుగా గల మా దారిపొడవునను మోకాలినొప్పికి మూలకణములు, బట్టతలకు మూలకణములు అను బోర్డులు చదువుకొనుచు పోవచ్చును. విమానాశ్రయపు దుకాణములో ఒక సీసా క్రీముపై ఆపిలుచెట్టు మూలకణములని వ్రాసియుండగా చూచి, చెట్టుకణము నా చెంపకు ఏమి సంబంధమని విచారించి, మొగ్గ తొడుగునేమో యని భయపడి దించివేసితిని. అమెరికావారు 2001లో పిండమునకు ఆత్మ యున్నదా లేదా యని తర్కించి, అధ్యక్షుడు బుష్షు పిండ మూలకణ పరిశోధనకిచ్చు నిధులను బిగించువరకు పోయిరి. మనకు ఆత్మవిచారములో వేలయేండ్ల యనుభవము గలదు గనుక ఆ ప్రశ్నకు పోక, నేరుగా ప్యాకేజీ ధరకు వచ్చితిమి.

ఐసీఎంఆరువారు 2007లో మార్గదర్శకములు వ్రాసినపుడు శీర్షికలో “మూలకణ పరిశోధన, చికిత్స” అని యుండెను. 2013లో సవరించినపుడు “చికిత్స” అను మాటను పనిగట్టుకొని తీసివేసిరి. ఎముకమజ్జ మార్పిడివంటి స్థిరపడిన రక్తచికిత్సలను మినహాయించి, తక్కినది ఇంకను పరిశోధనయే గాని అమ్మకపు సరుకు కాదని చెప్పుటకు ఒక ప్రభుత్వసంస్థ తన పుస్తకపు అట్టనే చెక్కివేసినది! పరిశోధనయైనచో రోగివద్ద రుసుము పుచ్చుకొనరాదు, ప్రకటనలు వేయరాదు. అట్టమీదినుండి ఊడిపడిన ఆ “చికిత్స” యను మాట ఎక్కడికి పోయినదని వెదకగా, మా స్తంభముల ప్రక్క బోర్డులమీద దొరకినది. ఆటిజము గల పిల్లలకు మూలకణ చికిత్స తగదని జాతీయ వైద్య కమిషను 2022లో చెప్పెను. మాటలురాని కొడుకు నోట ఒక్కమారు “అమ్మా” యను పిలుపు వినుటకై తల్లి పుస్తెలమ్మి తెచ్చిన సొమ్మును సూదికింతయని పుచ్చుకొనువారిని గూర్చి వ్యంగ్యము వ్రాయుటకు నా కలము ఒప్పుకొనుటలేదు, ముందుకు పోయెదను.

ముందుకు పోయిన శివరాంపల్లి వచ్చును. పోలీసు అకాడమీ కెదురుగా, 1998లో స్థాపితమైన తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ యున్నది. మూలకణముల యక్కర నిజముగా నున్న పిల్లలు అచ్చట రక్తపుసంచి వ్రేలాడుచుండగా బొమ్మలు చూచుచు పడుకొందురు. వీరికి తోబుట్టువు మజ్జ కుదిరి మార్పిడి జరిగినచో వ్యాధియే పోవును. పేదలకై కోల్ ఇండియావారు పదిలక్షల వరకు ఇచ్చు పథకము 2017నుండి కలదు. పెండ్లికి ముందు వధూవరులకు ఒక చిన్న రక్తపరీక్ష చేసినచో ఈ జబ్బు పుట్టుటయే చాలవరకు తప్పును. కాని మనము ముప్పదియారు గుణములు కలిపి చూతుము, కుజదోషము చూతుము, మేనరికమైనచో అదియు చూడము. ఆ ఒక్క పరీక్ష చేయింపుమనిన సంబంధమే తప్పిపోవును.

మొన్న ఆరాంఘరులో నేనెక్కిన మామూలు బస్సులో ఒక తల్లి, ఎనిమిదేండ్ల పిల్లవాడును నా ప్రక్కన కూర్చుండిరి. వాని ముంజేతిమీద దూది, దానిపై అంటించిన పట్టీ. “మూడు వారాలకోసారి వస్తం సార్. చిన్నోనిది మ్యాచ్ అయితదో లేదో చూస్తమన్నరు” అని ఆమె చెప్పెను. గగన్‌పహాడు దాటుచుండగా పిల్లవాడు కిటికీనుండి తల బయటపెట్టి, “తాతా, గా విమానం దిగుతున్నదా, లేస్తున్నదా?” అని యడిగెను. దిగుచున్నదంటిని. తప్పు చెప్పితిని; అది లేచుచుండెను. వాడు నా యజ్ఞానమునకు నవ్వుచు శంషాబాదు వరకు వచ్చెను.

గతమాసమున మాకు మనుమరాలు పుట్టినది. బ్రోషరులో మనుమడని వ్రాసియుండెను గాని, ఆ పొరపాటునకు వారిని నిందింపను. డాక్టరమ్మ గడియారము చూచుకొని నిమిషమున్నర ఆగి బొడ్డు బిగించెనని మా అబ్బాయి చెప్పెను. నర్సును పిలిచి, “మాయ ఏమైందమ్మా?” అని యడిగితిని. “పసుపు కవర్లో వేసేశాం సార్, బండొచ్చి తీసుకుపోయింది” అనెను. వియ్యపురాలు దీర్ఘముగా నిట్టూర్చెను.

ఆ సాయంకాలమే ఫోను మ్రోగెను. “కంగ్రాట్యులేషన్స్ అంకుల్! బొడ్డు మిస్సయినా పర్లేదు. పాపకు ఆరేళ్లు వచ్చి పాలపళ్లు ఊడేటప్పుడు ఒక్క మాట చెప్పండి, వాటిలోనూ స్టెమ్ సెల్స్ ఉంటాయి. ఇప్పుడే బుక్ చేసుకుంటే డిస్కౌంటు.”

నేను తిరిగి అంకులునైతిని. మా యూరి పెంకుటింటి కప్పుమీదికి ఒక్కొక్కటిగా విసరివేసిన నా ఇరువది పాలపండ్ల ఖరీదు నేటి ధరలో ఎంతయగునో వ్రేళ్లమీద లెక్కించుచు ఫోను పెట్టివేసితిని.